బండిని లిఫ్ట్ చేశాక (ఎత్తు పెంచాక) వెనక బ్రేకులు సరిగ్గా పట్టకపోతే

తప్పు చాలావరకు లోడ్ సెన్సింగ్ వాల్వ్‌ది (బరువుని బట్టి వెనక బ్రేకుల ప్రెషర్ మార్చేది), ప్యాడ్లది కాదు. మీ పాత టయోటా హైలక్స్ పికప్‌కి వెనక పొడవాటి షాకిల్స్ (కమాన్ పట్టీలని చాసిస్‌కి కలిపే లింకులు) వేయించాకే బ్రేక్ నొక్కితే ముక్కు కిందికి దిగుతోందన్నారు కదా, లెక్క సరిపోయింది.

చాసిస్ మీదున్న ఆ వాల్వ్ నుంచి వెనక యాక్సిల్‌కి ఒక సన్నటి కడ్డీ దిగుతుంది. బరువుకి చాసిస్ కిందికి వస్తే వాల్వ్ వెనక బ్రేకులకి ప్రెషర్ పెంచుతుంది. మీరు చాసిస్ పైకి లేపారు, అది బండి ఖాళీగా ఉందనుకుని ప్రెషర్ తగ్గించేస్తోంది.

1. యాక్సిల్ వైపు కడ్డీ బిగించిన చోట, కింద ఒక ఇనుప బ్రాకెట్ పెట్టి ఆ కడ్డీ చివరని పైకి లేపండి. కిట్ కొనక్కర్లేదు, మందపాటి పట్టీ ముక్క, రెండు బోల్టులు చాలు.

2. ఎంత లేపాలి? అందరూ పొరపడేది ఇక్కడే. షాకిల్ 2 అంగుళాలు పెరిగితే బండి లేచేది సుమారు 1 అంగుళమే. షాకిల్ పొడవు చూడకండి, చాసిస్ నిజంగా ఎంత లేచిందో టేపుతో కొలిచి అంతే లేపండి. ఎక్కువైతే వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరిగిపోతుంది, చాలా ప్రమాదం.

3. చాసిస్‌ని జాకీతో ఎత్తి యాక్సిల్ పూర్తిగా వేలాడనివ్వండి. బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం) బిగుసుకుంటే పొడవాటిది వేయాల్సిందే.

4. ఖాళీ మైదానంలో, తక్కువ స్పీడులో పరీక్షించండి. అప్పటిదాకా దయచేసి ఘాట్ ఎక్కకండి.