పేగు కడిగించుకున్న మూడో రోజుకే మళ్లీ ఉబ్బరం

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 46. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నాలుగేళ్లుగా గ్యాస్, కడుపు ఉబ్బరం. పొద్దున లేచేసరికి పొట్ట మామూలుగానే ఉంటుంది, సాయంత్రానికి డోలులా తయారవుతుంది. విరేచనం రెండు రోజులకోసారి అవుతుంది. స్నేహితురాలు చెబితే పేగు కడిగే చోటుకు వెళ్లాను. దాన్ని కోలన్ థెరపీ అంటున్నారు. పది విడతలకు డబ్బు ముందే కట్టించుకున్నారు, మూడు అయ్యాయి. ప్రతిసారీ ఆ రోజూ మర్నాడూ ఒళ్లు దూదిపింజలా ఉంటుంది. మూడో రోజుకు మళ్లీ మొదటికే వస్తుంది. పారదర్శకంగా ఉండే గొట్టంలోంచి నల్లటి తాళ్లలాంటివి కొట్టుకుపోవడం కళ్లారా చూశాను. అవి ఏళ్ల తరబడి పేగు గోడలకు అంటుకున్న మలినాలనీ, గ్యాస్‌కు మూలం అవేననీ అక్కడివారు చెప్పారు. ముందురోజు రాత్రి నీళ్లలో కలుపుకొని తాగమని ఒక పొడి కూడా ఇస్తారు. మూడోసారి ఇంటికి వచ్చాక కళ్లు తిరిగి కాసేపు పడుకోవాల్సి వచ్చింది. పాలు, టీ, కాఫీ అన్నీ మానేసి చూశాను, గుణం లేదు. టీ మానేశాక పనిలో నిద్ర రాకుండా చక్కెర లేని చూయింగ్ గమ్ నములుతున్నాను, అంతే. మిగతా ఏడు విడతలు పూర్తి చేయమంటారా? మా డాక్టరును అడగడానికి సిగ్గేసి మీకు రాస్తున్నాను.
— ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. నాలుగో విడతకు వెళ్లకండి. కట్టిన డబ్బు వెనక్కి అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. డబ్బు పెట్టి కొన్నాం కదా అని మిగిలిన మందు మింగేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆ లెక్కన ఇంకో ఏడుసార్లు మలద్వారంలోకి నీళ్లు పట్టించుకోవలసిన అవసరం మీకు లేదు.

మీకు తేలికగా అనిపించిన మాట మాత్రం నిజమే. దాన్ని భ్రమ అని కొట్టిపారేయను. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) కోసం విరేచనాల మందు తాగి వచ్చినవాళ్లు కూడా మర్నాడు ఇదే చెబుతారు. పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు ఉంటుంది. మనం తిన్నదాంట్లో అరగకుండా మిగిలింది అందులో ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, గ్యాస్‌లో ఎక్కువ భాగం అలా పుట్టేదే. మొత్తం కడిగేస్తే పులియడానికి సరుకు ఉండదు కాబట్టి ఒకటి రెండు రోజులు హాయిగా ఉంటుంది. ఈలోగా మీరు భోజనం చేస్తూనే ఉంటారు. చిన్నపేగు దాటి కొత్త సరుకు వస్తుంది, బ్యాక్టీరియా పనిలో పడుతుంది. మీ మూడో రోజు లెక్క అంత కచ్చితంగా కుదరడానికి కారణం ఇదే. పదిసార్లు కడిగినా పదిసార్లూ మూడో రోజు వస్తుంది.

ఇక ఆ నల్లటి తాళ్ల సంగతి. ఇరవై ఆరేళ్లుగా కెమెరా గొట్టంతో పెద్దపేగుల లోపల చూస్తున్నాను. శుభ్రపడిన పేగు లోపలి గోడ లేత గులాబి రంగులో, తడిగా, బుగ్గ లోపలి వైపులా నునుపుగా ఉంటుంది. సన్నని రక్తనాళాలు చెట్టుకొమ్మల్లా కనిపిస్తాయి. ఏళ్ల నాటి మలం అట్టకట్టి గోడను అంటిపెట్టుకుని ఉండటం ఒక్కరిలోనూ చూడలేదు. ఉండే వీలు కూడా లేదు. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తగా పుడుతుంది. తానే నాలుగు రోజుల్లో రాలిపోయే గోడకు నాలుగేళ్ల మలినం ఎలా అంటుకుంటుంది? మరి మీరు చూసింది ఏమిటంటే, పేగు సహజంగా జిగురు స్రవిస్తుంది. నీటి ఒరిపిడికి ఇంకాస్త ఎక్కువ స్రవిస్తుంది. దానికి మలం తోడైతే తాడులా సాగుతుంది. పైగా మీకు ముందురోజు రాత్రి పొడి ఇచ్చారు. దాని సీసా మీద ఏమి రాసి ఉందో చదవండి. ఇసబ్గోల్ పొట్టో, బెంటొనైట్ అనే బంకమట్టో ఉంటే తాళ్లు ఎక్కడివో తెలిసిపోతుంది. రాత్రి మీరు తాగిందే పొద్దున గొట్టంలో కనిపించింది.

మలం విషమై ఒంట్లోకి పాకుతుందన్న ఈ ఆలోచన కొత్తది కాదు. 1880లలో పారిస్ వైద్యుడు షార్ల్ బుషార్ దీన్ని సిద్ధాంతంగా చెప్పారు. లండన్‌లో అర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ మలబద్ధకానికి ఏకంగా పెద్దపేగునే కోసి తీసేసేవారు. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వారెజ్ ఒక మామూలు ప్రశ్న వేశారు. మలబద్ధకం వల్ల వచ్చే తలనొప్పి, నీరసం విరేచనమైన కొద్ది నిమిషాల్లోనే పోతాయి కదా, రక్తంలో విషం ఉంటే అంత త్వరగా ఎలా పోతుంది? ఆ తర్వాత 1922లో డొనాల్డ్‌సన్ అనే మరో పరిశోధకుడు ఆరోగ్యవంతుల మలాశయంలో దూది కూరి చూశారు. విషమేమీ లేని ఉత్త దూదికే అవే బాధలు వచ్చాయి, తీసేయగానే పోయాయి. సాగిన మలాశయం నరాల ద్వారా పంపే సంకేతాలే ఆ బాధకు మూలమని తేలింది. నూరేళ్ల కిందట తేలిపోయిన ఈ విషయాన్ని ఇప్పటికీ గొట్టం తగిలించి అమ్ముతున్నారు.

కళ్లు తిరిగాయన్న మాటను మీరు ఉత్తరంలో మామూలుగా రాసేశారు. నాకు మాత్రం అన్నిటికంటే అదే ముఖ్యం. ఒక విడతలో మొత్తం 60 లీటర్ల దాకా నీరు లోపలికి వెళ్లి వస్తుంది. పెద్దపేగు చేసే పనుల్లో నీటిని, లవణాలను పీల్చుకోవడం ఒకటి. అంత నీరు పోయించుకుంటే రక్తంలో సోడియం, పొటాషియం తారుమారు కావచ్చు. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదకు తెస్తుంది. గొట్టం వల్ల పేగుకు చిల్లు పడిన సందర్భాలున్నాయి. పరికరం సరిగా శుభ్రం చేయకపోతే ఒకరి పేగులోని క్రిములు మరొకరికి అంటుకుంటాయి. 1978, 1980 మధ్య అమెరికాలోని కొలరాడోలో ఇలా కడిగే ఒక చోట కనీసం 36 మందికి అమీబా వ్యాధి సోకింది. పదిమందికి పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది, వారిలో ఆరుగురు చనిపోయారు. ఇవి తరచూ జరిగేవని చెప్పి మిమ్మల్ని బెదిరించను. లాభం రెండు రోజుల తేలికదనం మాత్రమే అయినప్పుడు అరుదైన ప్రమాదం కూడా నాకు ఎక్కువగానే కనిపిస్తుంది. పేగుపూత, పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు, ముదిరిన మొలలు, ఇటీవల పొట్ట ఆపరేషన్ ఉన్నవారు, గర్భిణులు ఆ ఛాయలకే పోకూడదు.

నీటితో పేగు శుభ్రం చేయడం వైద్యంలో అసలు లేదని కాదు. వెన్నుపాము దెబ్బతిని మలవిసర్జన మీద అదుపు పోయినవాళ్లు నర్సుల దగ్గర నేర్చుకుని ఇంట్లోనే చేసుకుంటారు, వాళ్లకు అది వరం. ఆ అవసరం వేరు, ఆ పరికరం వేరు.

ఇప్పుడు అసలు జబ్బుకు వద్దాం. మీ పొట్టలో గ్యాస్ ఎక్కువగా ఉందని మీకెవరు చెప్పారు? 1975లో అమెరికా పరిశోధకులు ఉబ్బరంతో బాధపడేవారి పేగుల్లోకీ, ఏ బాధా లేనివారి పేగుల్లోకీ ఆర్గాన్ వాయువును పంపి, లోపలి గ్యాస్‌ను బయటికి తోసి కొలిచారు. రెండు జట్లలోనూ దాదాపు ఒకటే వచ్చింది, సుమారు 200 మిల్లీలీటర్లు. అంటే ఒక గ్లాసెడు. చాలామందిలో తేడా గ్యాస్ పరిమాణంలో ఉండదు. పేగు నరాలు సున్నితమై, ఇతరులకు తెలియని సాగుడు వీళ్లకు నొప్పిగా తెలుస్తుంది. పొట్ట పైకి కనిపించేలా ఉబ్బడానికి మరో కారణాన్ని బార్సిలోనా పరిశోధకులు సీటీ స్కాన్లలో చూపించారు. తిన్న తర్వాత ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదర వితానం పైకి సర్దుకోవాలి, పొట్ట ముందు గోడ బిగుసుకోవాలి. కొందరిలో ఇది తలకిందులవుతుంది. వితానం కిందికి తోస్తుంది, ముందు గోడ వదులవుతుంది. లోపల సరుకు పెరగకపోయినా పొట్ట ముందుకు వస్తుంది. పొద్దున చదునుగా ఉండి సాయంత్రం ఉబ్బే మీ పొట్ట తీరు దీనికి సరిపోతోంది. నీళ్లు దీన్ని ఎలా కడుగుతాయి చెప్పండి?

ఈ తీరును సరిచేయడానికి, భోజనమయ్యాక పది నిమిషాలు వెనక్కి ఆనుకుని, ఒక చేయి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టుకుని, ఊపిరి నెమ్మదిగా పొట్టలోకి పీల్చి వదలండి. ఛాతీ మీది చేయి కదలకూడదు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది దీన్ని మొదట చిన్నచూపు చూస్తారు.

ఉత్తరం చివర్లో మీరు ‘అంతే’ అని తేల్చేసిన చూయింగ్ గమ్ దగ్గర నేను ఆగిపోయాను. రోజుకు ఎన్ని? చక్కెర లేని గమ్‌లో తీపి కోసం తరచూ సార్బిటాల్ వేస్తారు. ఒక్కో దాంట్లో గ్రాము పైన ఉంటుంది. చిన్నపేగు దాన్ని సరిగా పీల్చుకోలేదు, అది నేరుగా పెద్దపేగు బ్యాక్టీరియాకు విందు. రోజుకు పది గ్రాములు చాలు, చాలామందికి పొట్ట ఉబ్బుతుంది. 2008లో జర్మనీ వైద్యులు ఇద్దరు రోగుల గురించి రాశారు. ఎడతెగని విరేచనాలు, విపరీతంగా బరువు తగ్గడం, పరీక్షల మీద పరీక్షలు. చివరికి కారణం గమ్ అని తేలింది, మానగానే తగ్గింది. పైగా నమిలినంతసేపూ మనం గాలి మింగుతూనే ఉంటాం. ఒకచోట గ్యాస్ పుట్టించే దాన్ని రోజంతా నములుతూ, రెండో చివర గొట్టం పెట్టించుకుంటున్నారేమో చూడండి! (చిరాకు పడకండి. రాత్రి డ్యూటీల రోజుల్లో నేనూ ఇదే చేశాను. నాకు కారణం తెలియడానికి రెండేళ్లు పట్టింది, అదీ నా జీర్ణకోశ వైద్యం చదువు మధ్యలో.)

కాబట్టి ముందు గమ్ పూర్తిగా ఆపండి. రెండు వారాల పాటు పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు టేపుతో బొడ్డు దగ్గర కొలిచి రాసుకోండి. పక్కన ఏమి తిన్నారో, విరేచనం గట్టిగా అయిందో మెత్తగా అయిందో కూడా. ఇంకేమీ మార్చకండి. ఒకేసారి నాలుగు మానేస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. పాల విషయంలో మీరు చేసింది అదే. గమ్ మొదలుపెట్టినప్పుడే పాలు మానేశారు, మరి పాలు మానిన ఫలితం ఎలా తెలుస్తుంది? ఉబ్బరం నాలుగేళ్లదని రాశారు కాబట్టి అంతా గమ్ మీదే నెట్టడం లేదు. తగ్గకపోతే మలబద్ధకాన్ని చూడాలి. రెండు రోజుల మలం పేగులో నిలిచి ఉంటే గ్యాస్‌కు దారి ఉండదు. పాదాల కింద చిన్న పీట వేసుకుని కూర్చోవడం, తిన్నాక నడక, పీచు కొద్దికొద్దిగా పెంచడం. ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం రెట్టింపవుతుంది. అదీ కాకపోతే ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, చిక్కుడు జాతి గింజల వంటివాటిని కొన్ని వారాలు ఆపి, ఒక్కొక్కటిగా తిరిగి కలుపుకునే పద్ధతి ఉంది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో రూపొందింది. దాన్ని ఆహార నిపుణుల సలహాతోనే చేయండి, ఆరు వారాలకు మించి అన్నీ మానేసి కూర్చోకండి.

మీ డాక్టరు దగ్గరకు మాత్రం ఎలాగూ వెళ్లాలి. కళ్లు తిరిగిన సంగతి చెప్పి రక్తంలో లవణాలు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు పరీక్ష కూడా అడగండి, అది గోధుమ మానకముందే జరగాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి, ఆగని వాంతులు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉంటే ఆలస్యం చేయకండి. మీ వయసు దాటిన స్త్రీలకు ఇంకో మాట చెప్పాలి. ఉబ్బరం వచ్చిపోకుండా నిలిచిపోతే, లేదా నెలలో 12 సార్లకు మించి వస్తుంటే, కొద్దిగా తిన్నా కడుపు నిండిపోతుంటే అండాశయాల పరీక్ష చేయించాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. యాభై దాటినవాళ్లలో మరీ ముఖ్యం. మీకు అదే ఉందని అనడం లేదు. నాలుగేళ్లుగా ఉంది, పొద్దునకు పోతోంది. అయినా ఒకసారి స్కాన్ తీయించుకుంటే నాకూ నిశ్చింత.

సిగ్గు మాట రాశారు. ఎవరో తెలియనివారి ముందు మూడుసార్లు బల్ల మీద పడుకోగలిగిన మీరు, మీ డాక్టరుకు ‘గ్యాస్ వస్తోంది’ అని చెప్పలేకపోయారా తల్లీ? రెండు వారాల కొలతలు రాసిన కాగితం ఆయన బల్ల మీద పెట్టండి. మాటలు వెతుక్కునే పని ఉండదు.

ప్రశ్న: నా వయసు 22. రోజుకు పదిహేనుసార్లు గ్యాస్ పోతోంది. లెక్కపెట్టాను. వాసన కూడా ఉంటోంది. జబ్బేనా? పేగు శుభ్రం చేయించుకోవాలా?
— ఒక విద్యార్థి

జవాబు: పది నుంచి ఇరవై దాకా మామూలే. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర వరకు ఎవరికైనా పోతుంది. అందులో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ ఉంటాయి. వాటికి వాసన ఉండదు. వాసన తెచ్చే గంధకపు వాయువులు నూటికి ఒక వంతు కూడా ఉండవు. ఏమీ చేయించుకోకండి, లెక్క ఆపేయండి. గబగబా మింగకుండా నమిలి తినండి, గ్యాస్ నింపిన శీతల పానీయాలు తగ్గించండి. పై ఉత్తరానికి జవాబులో గమ్ గురించి రాసిన భాగం మీరు కూడా చదవండి.