కొండెక్కే ముందు

అమ్మలూ,

హౌస్ సర్జన్సీ అవగానే ఏజెన్సీలో పెదబయలు వైపు మెడికల్ క్యాంపు పెడతామని చెప్పావు. ఎంత సంతోషమైందో! ఏ మందులు పట్టుకెళ్లాలని అడిగావు. ముందు, మళ్లీ ఎప్పుడు వెళ్తారో తేల్చుకోండి.

నేను నర్సుగా వెళ్లిన తొలి క్యాంపులో ఒకావిడకి మలేరియా అని తేలితే మూడు రోజుల బిళ్లలిచ్చాం. నెల తర్వాత వాళ్లింటికి వెళ్తే, ఆ అట్ట చూరులో దోపి ఉంది. మొదటి రోజువే చింపారు. మర్నాటికి జ్వరం తగ్గిందట, మిగతావి పిల్లాడికి దాచిందట. తప్పు ఆవిడది కాదు. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే మనిషికి మేం తెలుగులో గబగబా చెప్పి వచ్చేశాం. ఆ తర్వాత ఊరి ఆశా కార్యకర్త పక్కన లేకుండా మందు ఎవరి చేతికీ ఇవ్వలేదు. మొదటి మోతాదు ఎదురుగా మింగించి, మిగతావి వేయించే పని ఆశాకి అప్పజెప్పేదాన్ని.

పాలిపోయిన పిల్ల కనిపించగానే ఐరన్ రాసెయ్యకు. ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉంది. కీళ్ల నొప్పులు, పచ్చబడిన కళ్లు ఉంటే రక్తపరీక్ష తప్పనిసరి. దానికిచ్చే హైడ్రాక్సీయూరియా మందు మొదలుపెడితే ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాలి, మధ్యమధ్య రక్తం చూస్తుండాలి. అది మీ క్యాంపుతో అయ్యేది కాదు కాబట్టి పీహెచ్‌సీ రిజిస్టర్‌లో పేరు ఎక్కించాకే కొండ దిగండి.

సంతరోజు జనం బాగా దొరుకుతారు. కానీ డోలీ కట్టి మోయాల్సిన మనిషి సంతకి రాడు కదా, మీలో ఇద్దరు ఊళ్లలోకి నడవండి. కాఫీ పళ్లు కోసే రోజుల్లో అయితే జనం తోటలకి వెళ్లకముందే, తెల్లవారుజామునే.

అన్నిటికంటే నా బెంగ ఒకటుంది. "కేజీహెచ్‌కి వెళ్లండి" అని ఇక్కడి పెద్దాసుపత్రికి చీటీ రాయడం సులువు. పాడేరు నుంచే వంద కిలోమీటర్ల పైన ప్రయాణం. ఓపీ చీటీ ఎక్కడిస్తారో తెలియక, అడగడానికి మొహమాటపడి, గేటు దగ్గరే కూర్చుని సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయినవాళ్లని నా కళ్లతో చూశాను. మీ చందాల్లో సగం దీనికే అట్టేపెట్టండి. బస్సు చార్జీలు, తోడొచ్చిన మనిషికి భోజనం, పోయిన కూలి, అన్నీ లెక్కలోకి రావాలి.

మీరు పంపే రోగులు ఉండటానికి మా ముందుగది ఖాళీగానే ఉంది. ఈ మోకాళ్లతో కొండెక్కలేను గానీ, ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి రాగలను. ఎవరు ఏ బస్సుకి దిగుతారో ముందురోజు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ
విశాఖపట్నం