జ్ఞానపురం కథెడ్రల్ పుస్తకాల్లో తాతమ్మ పేరు వెతకాలంటే

ప్రశ్న: విశాఖ జ్ఞానపురంలోని సెయింట్ పీటర్స్ కథెడ్రల్ చరిత్ర ఏమిటి? మా తాతమ్మకి అక్కడే జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇచ్చారని ఇంట్లో అంటారు. ఆ రికార్డు ఇప్పుడు దొరుకుతుందా?

మీరు రెండోదిగా అడిగిందే అసలు ప్రశ్న. గుడి చరిత్ర అనగానే అందరూ గోపురం ఎత్తు, శంకుస్థాపన రాయి దగ్గర మొదలెడతారు. ఈ ఊరి కతోలికుల చరిత్రంతా అట్టలు ఊడిపోయిన జ్ఞానస్నానాల పుస్తకాల్లో ఉంది. కాకపోతే ఏ గుడి పుస్తకం అడగాలో తెలియాలంటే పీఠం, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం, ఎంత మేర ఉండేదో, ఎప్పుడెప్పుడు ముక్కలైందో తెలియాలి.

ఆన్సీ పట్టణం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖకి వచ్చింది 1846లో. వాళ్లని అందరూ 'ఫ్రెంచి ఫాదర్లు' అనేస్తారు గానీ అప్పటికి ఆన్సీ ఉన్న సవాయ్ ఫ్రాన్సులో లేదు, 1860లో కలిసింది. మాట్లాడింది మాత్రం ఫ్రెంచే. ఈ సంగతి స్పెల్లింగుల దగ్గర మళ్లీ పనికొస్తుంది. 1847లో పాతపట్నంలో సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. 1850లో విశాఖ వికారియేట్ (పీఠానికి ముందు మెట్టు) అయింది, నేరే గారు మొదటి మేత్రాణులు, అంటే బిషప్. 1886లో పీఠం, 2001లో అగ్రపీఠం (ఆర్చిడయోసిస్). మధ్యలో 1887లో నాగపూర్, 1928లో కటక్, 1993లో శ్రీకాకుళం విడిపోయాయి.

దీనివల్ల మీకు ఒరిగేదేమిటంటే, పీఠం విడిపోయినా పుస్తకం కదలదు. జ్ఞానస్నానం ఏ విచారణలో (ఒక గుడి కిందికి వచ్చే ప్రాంతం, పారిష్) జరిగితే పుస్తకం ఆ విచారణలోనే ఉంటుంది. తాతమ్మది శ్రీకాకుళం వైపు పల్లె అయితే కథెడ్రల్లో ఎంత తిరగేసినా లాభం లేదు. పెళ్లయ్యాక రైల్వే పనికో పోర్టు పనికో విశాఖ వచ్చేసిన కుటుంబాల్లో 'మా వాళ్లందరికీ జ్ఞానపురంలోనే' అన్న మాట అలా స్థిరపడిపోతుంది, జ్ఞానస్నానం మాత్రం ఊళ్లోనే జరిగి ఉంటుంది. ఇంకో తికమక రాస్ హిల్. వీడియోలు తీసేవాళ్లు డిసెంబరు 8 పండగ జనాన్ని చూపించి కొండగుడినే కథెడ్రల్ అనేస్తున్నారు. అది మరియమాత గుడి. మేత్రాణుల ఆసనం ఉన్నది కింద జ్ఞానపురంలో, పునీత పేతురు గారి గుడిలో.

ఇక పుస్తకం తెరిచాక ఏం కనిపిస్తుందో చూద్దాం. 1960ల దాకా రాత లాటిన్లోనే. 1911 నాటి నమోదు ఒకటి ఇలా ఉంటుందనుకోండి: 'దియే 14 7బ్రిస్ బాప్తిజావి మరియామ్, నాతామ్ దియే 11, ఫిలియామ్ లెజిటిమామ్ పేత్రి ఎత్ అన్నే, పాత్రీని ఫుఎరుంత్ యోసేఫుస్ ఎత్ లూచియా.' అంటే 11న పుట్టిన, పేతురు, అన్నమ్మల కూతురు మరియకి 14న జ్ఞానస్నానం ఇచ్చాను, జ్ఞానతల్లిదండ్రులు (గాడ్‌పేరెంట్స్) జోజప్ప, లూసమ్మ అని. చాలామంది బోల్తా పడేది '7బ్రిస్' దగ్గర. ఏడు కనబడగానే జులై అని రాసుకుంటారు. అది సెప్టెంబరు. లాటిన్లో సెప్తెమ్ అంటే ఏడు కాబట్టి అలా కుదించి రాసేవారు. అలాగే 8 అక్టోబరు, 9 నవంబరు, 10 డిసెంబరు. ఈ ఒక్క పొరపాటుతో రెండు నెలలు తేడా వచ్చి, దొరికిన మనిషినే మన మనిషి కాదని వదిలేసినవాళ్లున్నారు.

రెండో చిక్కు పేర్లది. ఇంట్లో రాయప్ప, పుస్తకంలో పేత్రుస్. చిన్నప్ప పౌలుస్ అవుతాడు, అరుళప్ప యోవన్నెస్, ఇన్నాసి ఇగ్నాతియుస్, శౌరి క్సవేరియుస్, యాగప్ప యాకోబుస్. ఇందులో యాకోబుస్ మహా తలనొప్పి. ఒకే లాటిన్ పేరుని ఒక గురువు జేకబ్ అని, ఇంకొకరు జేమ్స్ అని సర్టిఫికెట్లో దింపుతారు. అక్కడి నుంచి పాస్‌పోర్టు దాకా ఇద్దరు మనుషులు తయారవుతారు. పైగా తండ్రి పేరు షష్ఠీ విభక్తిలో ఉంటుంది. 'పేత్రి' అని వేరే మనిషెవరూ లేడు, 'పేతురు యొక్క' అని అర్థం. ఇంటిపేరు చాలాసార్లు అసలుండదు. ఉన్నా ఫ్రెంచి చెవితో విన్నది. 'చ' శబ్దానికి ముందు ఒక 'టి' తగిలించి, 'ఉ'కి 'ఓ, యు' అక్షరాలు కలిపి రాస్తారు. పైకి చదువుకుంటే ఇంటిపేరు వినబడుతుంది, కళ్లతో వెతికితే దాటిపోతుంది. పుస్తకం చివర సూచిక ఉంటే సంతోషించండి. అది కూడా ఇంటిపేరు వరసలో కాకుండా జ్ఞానస్నానం పేరు వరసలో ఉండొచ్చు. అప్పుడు మరియలందరూ ఒకే చోట బారుతీరి ఉంటారు.

అందుకే తాతమ్మ దగ్గర మొదలెట్టకండి. కింద నుంచి పైకి వెళ్లండి. ముందు ఆవిడ పిల్లల్లో పెద్దవాళ్ల జ్ఞానస్నానం పట్టుకోండి, అక్కడ తల్లి పేరు లాటిన్లో ఎలా రాశారో తెలుస్తుంది. తర్వాత పెళ్లిళ్ల పుస్తకం, అందులో ఆవిడ తండ్రి పేరు, ఏ విచారణ పిల్లో ఉంటాయి. ఆ తర్వాతే జ్ఞానస్నానాల పుస్తకం. నమోదు దొరికితే పక్క మార్జిన్ తప్పకుండా చూడండి. 1908 ఈస్టరు నుంచి అమల్లోకి వచ్చిన రోమ్ నియమం ప్రకారం పెళ్లి వివరం అక్కడ ఎక్కించాలి. వేరే ఊళ్లో పెళ్లయితే ఆ ఊరి గురువు కబురు పంపాలి. పంపడం మరిచిపోవడం మామూలే, కాబట్టి మార్జిన్ ఖాళీగా ఉంటే పెళ్లి కాలేదని అర్థం కాదు.

పుస్తకం చిరిగిపోయిందనో కనబడటం లేదనో అంటే అక్కడితో ఆగకండి. 1917 నాటి చర్చి చట్టం ప్రకారం విచారణ పుస్తకాల నకలు ఏటా మేత్రాణుల కార్యాలయానికి పంపాలి. 1918 తర్వాతి సంవత్సరాలకి ఆ నకలు ఉందేమో కార్యాలయంలో అడగడం దండగ కాదు. కుటుంబాల పుస్తకం, అంటే 'స్టేటస్ అనిమారుమ్', వేరే ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఒకే పేజీలో దొరికేది అందులోనే, కానీ దాన్ని అడిగేవాళ్లే ఉండరు. ఆంగ్లో ఇండియన్ కుటుంబమో, పట్నంలో కంపెనీ పటాలపు ఐరిష్ సిపాయి వంశమో అయితే లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని మద్రాసు రిటర్నులు (అక్కడికి పంపిన చర్చి నమోదుల నకళ్లు) చూడాలి, ఎన్/2 వరుస.

వెళ్లేటప్పుడు మామూలు రోజు, పొద్దుటి పూజయ్యాక వెళ్లండి. ఆదివారం, డిసెంబరు, పవిత్రవారం (ఈస్టరుకి ముందు వారం) వద్దు. ఆ రోజుల్లో విచారణ గురువుల్ని నిలబెట్టి పాత పుస్తకం దింపమనడం మర్యాద కాదు. చీటీ మీద పేరు, తండ్రి, తల్లి, సుమారు ఏడాదికి అటూ ఇటూ ఐదేళ్లు, సమాధి రాయి ఉంటే దాని ఫొటో. సెల్‌ఫోన్ తీసి పేజీలు గబగబా ఫొటోలు కొట్టకండి, పక్క నమోదుల్లో ఇంకొకరి ఇంటి గుట్టు ఉంటుంది. ధ్రువీకరించిన నకలు అడగండి. అది మీ ఇంట్లో ఎవరి పెళ్లికో కావాలంటే ఆరు నెలల లోపు ఇచ్చినదే అడుగుతారు, బీరువాలోని పాతది చెల్లదు. పేరు తప్పుంటే అసలు రాత కొట్టేయరు. రుజువులతో దరఖాస్తు పెడితే అనుమతి వచ్చాక మార్జిన్‌లో సవరణ రాస్తారు.

ఒక్క మాట, ఎవరికి కోపమొచ్చినా సరే. పాత పేజీలకి లామినేషన్ చేయించే పుణ్యాత్ములు దయచేసి మానండి. అప్పటి సిరాలో ఇనుము ఉంటుంది, సముద్రపు తేమకి అదే కాగితాన్ని తింటూ పోతుంది. ప్లాస్టిక్‌లో బిగిస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, గాలాడే పొడి బీరువాలో నేలకి ఎత్తుగా ఉంచితే చాలు. జ్ఞానపురంలో కిటికీ పక్క బల్ల మీద వదిలేస్తే పోర్టు బొగ్గు పొడి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చేసినా తాతమ్మ నమోదు దొరక్కపోతే, ఆవిడకి పదిహేను, పదహారేళ్లు వచ్చిన ఏడాది నుంచి జ్ఞానతల్లుల గడి చూసుకుంటూ రండి. అక్కాచెల్లెళ్ల పిల్లలకి, ఇరుగుపొరుగు పిల్లలకి ఎవరో ఒకరికి జ్ఞానతల్లిగా నిలబడే ఉంటుంది. కొందరు గురువులు ఆ గడిలో పేరు పక్కనే 'ఫలానా వారి భార్య' అనో ఊరి పేరో రాసేవారు. ఆ ఊరి విచారణకి వెళ్లి మళ్లీ మొదటి నుంచి అడగాలి.