పదికి ఏడు వేసినవాడు, బొటనవేలు ఎత్తినవాడు

కావలి

తమ్ముడూ,

గిగాబాష్ అనే వీడియో గేమ్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. చెయ్యి బాగానే తిరుగుతోంది. రాక్షసులు ఊరి మధ్యలో నిలబడి భవనాలు పీకి ఒకరి మీద ఒకరు విసురుకునే చోట నీ వాక్యాలు కూడా పరిగెత్తాయి. చివరి పేరాలోనే చప్పబడ్డావు. "విమర్శకులు ఒకలా అన్నారు, ఆడినవాళ్ళు ఇంకోలా అన్నారు, నిజం మధ్యలో ఎక్కడో ఉంది" అని తేల్చేశావు. అది పెద్దమనుషుల పంచాయితీ తీర్పు. ఇద్దరినీ నొప్పించకుండా ఇంటికి పంపడానికి పనికొస్తుందేమో గానీ, డబ్బు పెట్టి కొనాలా వద్దా అని చూసేవాడికి ఎందుకూ పనికిరాదు.

అసలు వాళ్ళిద్దరికీ గొడవ ఉందా అన్నది ముందు చూడు. విమర్శకుడు మార్కు వేస్తాడు. మెటాక్రిటిక్ అనే వెబ్‌సైటు వాళ్ళు ఆ మార్కులన్నీ పోగేసి, కొన్ని పత్రికలకు కాస్త ఎక్కువ బరువిచ్చి, సగటు తీస్తారు. కంప్యూటర్ ఆటలమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో ఆటగాడికి మార్కుల బాధ లేదు. బొటనవేలు పైకో, కిందికో, అంతే. తగినన్ని రివ్యూలు ఉండి 80 శాతం మంది పైకెత్తితే 'వెరీ పాజిటివ్' అని పడుతుంది. పదికి ఆరున్నర ఇద్దామనుకున్నవాడు కూడా "పర్లేదు, కొనుక్కో" అనుకుంటే వేలు పైకే ఎత్తుతాడు. అలాంటివాళ్ళు వందమంది చేరితే నూటికి నూరు శాతం! నువ్వు ఆ శాతాన్నీ, ఈ సగటునూ పక్కపక్కన పెట్టి "ఇంత తేడానా" అని ఆశ్చర్యపోయావు. అవి రెండూ ఒకే కొలతలు కావు.

పైగా ఎవరు కొంటారో కూడా చూడాలి. గాడ్జిల్లా, అల్ట్రామ్యాన్ లాంటి జపాన్ మహాకాయుల కథలంటే చెవి కోసుకునేవాడే ఇలాంటి ఆట వెతుక్కుని మరీ కొంటాడు. విమర్శకుడికి ఆ ఇష్టం ఉండొచ్చు, లేకపోవచ్చు, ఆ వారం అతని వంతుకు ఆ ఆట వచ్చి ఉండొచ్చు.

మొన్న పండక్కి మా ఇంట్లో పిల్లలు నలుగురూ దీన్నే పెట్టుకుని కూర్చున్నారు. ఒక కంట్రోలర్ పుల్ల పాడై, ఆ పిల్లవాడు పట్టుకున్న థండట్రాస్, అదే ఆ పెద్ద రోబో, తనంతట తానే ఎడమకు జరిగిపోతోంది. అందరికన్నా చిన్నది ఒకే బటన్ టకటకా నొక్కుతూ గెలుస్తోంది. దెబ్బలన్నీ వరసగా నేర్చుకుని వచ్చిన పెద్దాడు "తొండి! తొండి!" అని అరుస్తున్నాడు. వంటింట్లో వాళ్ళు కూడా వచ్చి చూశారు. మర్నాడు అందరూ ఊళ్ళకు వెళ్ళాక ఆ పెద్దాడే ఒక్కడూ కూర్చుని కథ విభాగం ఆడాడు. కాసేపటికి టీవీ కట్టేసి ఫోన్ తీశాడు. "ఏరా?" అంటే "బోర్" అన్నాడు. ఆన్‌లైన్‌లో ఆడదామంటే అవతల మనిషి దొరకలేదట.

ఈ ఆటను మెచ్చుకున్నవాళ్ళు ఎక్కువగా చెప్పింది మొదటి రోజు సంగతి, పెదవి విరిచినవాళ్ళు చెప్పింది రెండో రోజు సంగతి. ఇద్దరిదీ నిజమే, మధ్యలో ఏమీ లేదు. నలుగురు పట్టే సోఫా ఉన్న ఇంటికి ఇది ఒక ఆట, ఒంటరిగా గదిలో ఉండే కుర్రాడికి ఇది వేరే ఆట. నువ్వు ఒంగోలులో రూమ్‌లో ఒక్కడివే ఆడావా, స్నేహితులతో ఆడావా? నీ వ్యాసమంతా వెతికినా ఆ ముక్క దొరకలేదు. అది మొదటి పేరాలోనే ఉండాలి.

తేదీ కూడా రాయి. ఈ ఆట 2022 ఆగస్టు 5న వచ్చింది, అప్పుడు పదిమంది యోధులు. పత్రికల రివ్యూలు చాలావరకు ఆ రోజుల్లోవే. గాడ్జిల్లా సినిమాల రాక్షసులు గాడ్జిల్లా, గైగన్, మెకాగాడ్జిల్లా, డెస్టొరోయా వచ్చింది ఆ డిసెంబరులో, అదీ వేరే డబ్బులకు. మన నెల్లూరు చేపల పులుసు వండిన పూట కన్నా మర్నాడు రుచి. వండిన పూటే తిన్నవాడి మాట అబద్ధమని కాదు, ఎప్పుడు తిన్నాడో తెలియాలి కదా.

ఆటగాళ్ళ మాటే వేదమని మాత్రం అనుకోకు. ఇంకా ఆట పూర్తిచేసే టైమ్ కూడా లేకుండానే సున్నాలు గుమ్మరించేవాళ్ళు ఎక్కువై, 2020లో మెటాక్రిటిక్, ఆట విడుదలైన 36 గంటల దాకా ఆటగాళ్ళ మార్కులు తీసుకోకుండా ఆపింది. స్టీమ్‌లో అయితే రివ్యూ పక్కనే ఎన్ని గంటలు ఆడాడో కనిపిస్తుంది. నువ్వు ముందు చదవాల్సింది అది. నలభై గంటలు ఆడి వేలు కిందికి దించినవాడు దొరికితే వదలకు, వాడి దగ్గర సరుకుంటుంది.

ఇంకొకటి. "చిన్న స్టూడియో కాబట్టి సర్దుకుపోవాలి" అని రాశావు. కొట్టెయ్. ఈ ఆట చేసిన మలేసియా స్టూడియో ప్యాషన్ రిపబ్లిక్ వాళ్ళు నీ జాలి కోసం చెయ్యలేదు దాన్ని. కొట్టినకొద్దీ శక్తి నిండి రాక్షసుడు ఇంకా పెద్దవాడై, అంతవరకు అడ్డొచ్చిన భవనాలు కాలి కిందికి వచ్చే ఆ క్షణం ఉంది చూడు, అది పెద్ద స్టూడియోలు కూడా కుళ్ళుకునే పని. అలాగే ఆన్‌లైన్‌లో జనం లేకపోతే లేరని రాయాలి. కొనేవాడి జేబులో డబ్బు చిన్నదీ పెద్దదీ అని ఉండదు.

వచ్చే ఆదివారం మీ రూమ్‌మేట్లను కూర్చోబెట్టి ఆడించు. నువ్వు ఆడకు, పక్కన కూర్చుని ఎవరు ఎప్పుడు అరిచారో, ఎవరు ఎప్పుడు ఫోన్ తీశారో రాసుకో. తర్వాత చివరి పేరా మళ్ళీ రాసి పంపు. మార్కు వెయ్యకుండా పంపు, నేను చదివి ఎంత వేసి ఉంటావో చెబుతాను.

మీ అన్న