అక్వేరియం అడుగున వేసేదాన్ని ఏమనాలి?

సందేహం: మా పాప కోసం రెండడుగుల గాజు తొట్టి కొన్నాను. చేపలతో పాటు నీటిమొక్కలు కూడా పెంచాలని ఉంది. అడుగున వేసేదాన్ని సబ్‌స్ట్రేట్ అంటారట. ఒకచోట దాన్ని ‘అధస్తరం’ అని రాశారు. నాకు ‘పాదు’ అంటే బాగుంటుందనిపించింది. అనొచ్చా? ఒకాయన గ్రావెల్ వెయ్యమన్నాడు. తెలిసిన ట్రాక్టరతన్ని అడిగితే సంచి నిండా ఎర్రమట్టి తెచ్చిచ్చాడు. మట్టి, మన్ను, ఒండ్రు, అడుసు, రొంపి అన్నీ ఒకటేనా? ఇసుక అని రాయాలా, ఇసక అని రాయాలా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: ముందు ఆ ఎర్రమట్టి సంచి సంగతి చూద్దాం. ట్రాక్టరతను పొరపాటేమీ చెయ్యలేదు. మన వైపు గ్రావెల్ అంటే రోడ్లకీ, పల్లపు స్థలాలు మెరక చెయ్యడానికీ తోలే ఎర్రటి గరుసు మట్టి. పేపర్లో ‘గ్రావెల్ తవ్వకాలు’ అని చదివితే మన కళ్లముందు నిలిచేది ఎర్రదిబ్బే. చేపల షాపులో అదే మాటకు చిన్న రాళ్లని అర్థం. అరువు మాట ఒక ఊళ్లో స్థిరపడ్డాక అక్కడి అర్థమే దానికి అసలు అర్థం. కాబట్టి ఈసారి ‘సన్న గులకరాళ్లు’ అని అడగండి. ‘కంకర’ మాత్రం అనకండి. గులకరాయి ఏట్లో దొర్లి దొర్లి నునుపు తేలింది. కంకర పగలగొట్టిన రాయి, చీమకుర్తి వైపు క్రషర్ల దగ్గర గుట్టలుగా కనిపించేది. దాని అంచులు కోసుకుంటాయి. కోరిడోరస్ లాంటి మీసాల చేపలు మూతితో అడుగును కెలుక్కుంటూ మేత ఏరుకుంటాయి. పదునైన రాళ్ల మీద వాటి మీసాలు అరిగి పుండ్లు పడతాయి. మాట సరిగ్గా ఎంచుకుంటే ఆ చేపకు కూడా మేలు చేసినట్టే.

ఇక అసలు ప్రశ్న. ‘అధస్తరం’లో వ్యాకరణ దోషం లేదు. అధః అంటే కింద, స్తరం అంటే పొర. విసర్గ లోపించి అధస్తరమైంది. స్తరం అన్న మాటకు మూలం ‘పరచు’ అని అర్థమిచ్చే సంస్కృత ధాతువు. విస్తరించడం అనే మాట కూడా అక్కడి నుంచి వచ్చిందే. సబ్‌స్ట్రేట్‌కి లాటిన్‌లో ఉన్న అర్థం కూడా ‘కింద పరచినది’ అనే. అటు లాటినూ ఇటు సంస్కృతమూ ఒకే పోలికను పట్టుకున్నాయి. మరి తెలుగు? తెలుగు కూడా సరిగ్గా అదే చేసింది. మనం చూసుకోలేదు, అంతే.

తలచు నుంచి తలపు, పిలుచు నుంచి పిలుపు, గెలుచు నుంచి గెలుపు, మరచు నుంచి మరపు. చుకారం పుకారమై క్రియ నామమవుతుంది. ఆ దారిలోనే పరచు నుంచి పరుపు. పరుపు అనగానే దూది పరుపే గుర్తొస్తుంది గానీ, ‘పరచింది ఏదైనా పరుపే’ అన్న పాత అర్థం ఇంకా చావలేదు. ఇంట్లో రాళ్లు పరిపిస్తే బండపరుపు అంటాం. అందుకే నేను ‘అడుగు పరుపు’ అంటాను. అడుగున పరచినది, సప్తమీ తత్పురుష. మీ పాపకు కూడా విడమరిచి చెప్పక్కర్లేదు. ‘అధస్తరం’ అంటే చెప్పాలి.

‘పాదు’ మంచి మాటే, కానీ ఇక్కడ కుదరదు. పాదు ఒక్క మొక్క మొదట్లో చేసేది. బీరపాదు, పొట్లపాదు, కొబ్బరిచెట్టు పాదు. తొట్టి అంతా పరిచినదానికి ఆ పేరు చాలదు. కానీ తొట్టిలో మొక్క నాటేటప్పుడు వేలితో చేసే చిన్న గుంటను పాదు అంటే ఎవరు కాదంటారు? అక్కడ వాడండి.

అయినా ఒక మాట చెప్పాలి. తెలుగువాడు మామూలుగా ‘సబ్‌స్ట్రేట్ ఏం వేశావు’ అని అడగడు. ‘అడుగున ఏం వేశావు’ అంటాడు. జవాబుగా ఇసుక, మట్టి, గులక అని వస్తువు పేరే వస్తుంది. ఇంగ్లీషు మాట ఈ మూడింటినీ ఒకే మూట కట్టేస్తుంది, మన భాష విప్పి చూపిస్తుంది. మీలాంటి కొత్తవాళ్లకు ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే ఇసుక వెయ్యడం వేరు, మట్టి వెయ్యడం వేరు. ఇసుక వేరుకు పట్టు ఇస్తుందే గానీ తిండి పెట్టదు. గూడూరు పక్క చిల్లకూరు, కోట వైపు దొరికే తెల్లటి సిలికా ఇసుక గాజు తయారీకి పోతుంది. అది నీటిలో కరగదు, నీటి గుణాన్నీ మార్చదు. కానీ మొక్కకు అందులో గుప్పెడు ఆహారం కూడా ఉండదు. మట్టి, అందులోనూ బంకమట్టి పాలు ఉన్నది, పోషకాలను పట్టి ఉంచి వేరుకు కొంచెం కొంచెంగా అందిస్తుంది. అందుకే చాలామంది అంగుళం మట్టి పరిచి, మట్టి నీళ్లలోకి లేవకుండా పైన అంగుళం, అంగుళంన్నర ఇసుక కప్పుతారు. క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా లాంటి నీటిమొక్కలు వేరుతో తింటాయి కాబట్టి వాటికి ఇది బాగుంటుంది. అనూబియాస్, జావా ఫెర్న్ అయితే అడుగు పరుపుతో పనే లేదు. కర్రకో రాయికో దారంతో కట్టెయ్యండి. వాటి దుంపను పూడిస్తే కుళ్లిపోతుంది.

మీరడిగిన మట్టి మాటల్లో ప్రతిదానికీ ఒక పని ఉంది. మట్టి, మన్ను అర్థంలో ఒకటే. రూపంలోనే తేడా: కన్ను కంటి అయినట్టు మన్ను మంటి అవుతుంది. అందుకే మంటికుండ, మంటిదిబ్బ అంటాం. ఒండ్రు నీళ్లు మోసుకొచ్చి దింపిన సన్నటి మట్టి. పెన్న పొంగి తగ్గాక మిగిలేది. 2021 నవంబరు వరదలప్పుడు ఒడ్డు కయ్యల్లో ఇసుక పేరుకుంటే మాత్రం ఒండ్రు అనలేదు, ‘మేట వేసింది’ అన్నారు. మేలు చేసేది ఒండ్రు, పంటను పూడ్చేది మేట. అడుసు నీళ్లు కలిపి తొక్కిన మట్టి. మట్టిగోడకు అడుసు తొక్కుతారు. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్నప్పుడు కూడా తొక్కడం పక్కనే ఉంది చూడండి. రొంపిలో కాలు దిగబడుతుంది, గాలి ఆడదు. మీ తొట్టిలో కోరకూడనిది అదే. మరీ సన్నటి మట్టి మందంగా పోస్తే అడుగున గాలి అందక నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. రొయ్యల గుంటలు చూసేవాళ్లను అడగండి, అడుగున నల్లమట్టి అంటే వాళ్లకెంత టెన్షనో చెబుతారు. ఇంకోటి, కయ్యలో మట్టి ఎత్తుకురావద్దు. యూరియా, పురుగుమందుల అవశేషాలు దాంతో పాటే వస్తాయి.

మీరు అడగకపోయినా ‘గుల్ల’ గురించి రాయాలనిపిస్తోంది. ఒకే మాట, ఈ తొట్టిలోనే రెండు అర్థాలు. ఎర్రలు నేలను గుల్ల చేస్తాయి అన్నప్పుడు గుల్ల అంటే వేరు దూరేంత వదులు. నత్తగుల్ల అన్నప్పుడు పైపెంకు. అడుగు పరుపు గుల్లగా ఉండాలి, కానీ అందులో గుల్లలు ఉండకూడదు. మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రపు ఒడ్డున ఇసుక గుప్పిట్లోకి తీసి దగ్గరగా చూడండి. తెల్లటి పెంకు తునకలు మెరుస్తుంటాయి. గుల్లసున్నం కాల్చేది ఆ జాతి పెంకులతోనే. అవి నీటిలో మెల్లగా కరిగి నీటిని గట్టి నీరు, అంటే సున్నం ఎక్కువున్న నీరు చేస్తాయి, నీటి క్షారగుణాన్ని చూపే పీహెచ్ అంకెను పెంచుతాయి. చాలా నీటిమొక్కలకు అది సరిపడదు. చెంచాడు ఇసుక మీద నాలుగు చుక్కలు వెనిగర్ వెయ్యండి. బుసబుసా నురుగొస్తే ఆ ఇసుక వద్దు.

షాపులో ‘ఆక్వా సాయిల్’ అని అమ్మేది మట్టిని చిన్న చిన్న గింజలుగా చేసి కాల్చింది. కొత్తలో అమ్మోనియా వదులుతుంది కాబట్టి వెయ్యగానే చేపల్ని వదలకూడదు. అమ్మోనియా పరీక్షలో సున్నా చూపించేదాకా, అంటే కొన్ని వారాలు ఆగాలి. దాన్ని తెలుగులో ‘మట్టి గుళికలు’ అంటున్నారు. నాకు అది భయం కలిగించే మాట. సేద్యం ఉన్న ఇంట్లో గుళికలంటే వరికి చల్లే పురుగుమందు. ‘ఆ గుళికల డబ్బా తొట్టిలో పొయ్యమ్మా’ అని మీరంటే పాప చేతికి ఏ డబ్బా వస్తుందో! ‘మట్టి పూసలు’ అనండి. చూపుకు కూడా అవి పూసల్లాగే ఉంటాయి.

చివరిది, ఇసుక. నిఘంటువుల్లో ఇసుక అని ఉంటుంది, పాత పద్యాల్లో ఇసుము అని కూడా కనిపిస్తుంది. ఇసక అనేది నోటి మాట. నడిమి అచ్చును ఇలా మార్చి పలకడం తెలుగులో మామూలే: చిలుక చిలక అయింది, ఎలుక ఎలక అయింది. రాసేటప్పుడు ఇసుక అని రాయండి, బండివాణ్ణి పిలిచేటప్పుడు ఇసక అనే పిలవండి.