పాఠకుల ప్రశ్నలు: మూతబడ్డ స్టేషన్ చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: విశాఖపట్నం, విజయనగరం మధ్య మా అమ్మమ్మగారి ఊరి పొలిమేరలో రైలు ఆగని పాత స్టేషన్ ఉంది. దాన్ని ఎప్పుడు కట్టారో, ఎందుకు మూసేశారో రాసిపెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు స్టేషన్ వాల్తేరుకు (ఇప్పటి విశాఖపట్నం స్టేషన్‌కు) ఏ వైపున ఉందో చూసుకోవాలి. బెజవాడ–కటక్ లైను 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో తెరుచుకుంది. తర్వాత దాన్ని వాల్తేరు దగ్గర విడగొట్టారు. దక్షిణ భాగం 1901లో మద్రాస్ రైల్వేకి, ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకి వెళ్లాయి. మీది ఉత్తరం వైపు కాబట్టి బి.ఎన్.ఆర్., 1952 నుంచి ఈస్టర్న్, 1955 నుంచి సౌత్ ఈస్టర్న్, 2003 నుంచి ఈస్ట్ కోస్ట్ పేర్ల కింద వెతకండి. అనకాపల్లి వైపుదైతే ఈ పేర్లేవీ పనికిరావు. అక్కడ 1908 నుంచి ఎం.ఎస్.ఎం. (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే), 1951 నుంచి సదరన్, 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వే.

లైను తెరిచిన ఏడాదే స్టేషన్ పుట్టిన ఏడాది అనుకోకండి. చాలా స్టేషన్లు తర్వాత చేర్చినవి. పాత టైంటేబుళ్లను ఐదేళ్లకొకటి చొప్పున తీసి చూడండి. పేరు ఎక్కడ మొదలైందో, ఎక్కడ మాయమైందో తెలిశాక మధ్య సంవత్సరాలు వెతకండి. ప్రయాణికుల బండి ఆగని స్టేషన్ అందులో ఉండదు, దానికి సిబ్బంది వాడే వర్కింగ్ టైంటేబుల్ కావాలి. భూసేకరణ ప్రకటనలు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్‌లో వచ్చేవి. అవి చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో చూడొచ్చు, జిల్లా పేరు మాత్రం ‘విజగపటం’ అని ఉంటుంది.

మూసివేతకు ‘జనం ఎక్కలేదు’ అన్న ఒక్క కారణంతో సరిపెట్టకండి. ఒంటి లైను రోజుల్లో పల్లె స్టేషన్ జనం కోసం ఎంతో, బళ్ల కోసమూ అంతే. ఎదురెదురు బళ్లలో ఒకటి లూప్ లైనులో, అంటే స్టేషన్‌లోని పక్క లైనులో, ఆగితేనే రెండోది దాటేది. తర్వాతి స్టేషన్ దాకా లైను ఖాళీ అని అనుమతిగా ఇచ్చే టోకెన్ గోళం డ్రైవర్ చేతికి అందనిదే బండి కదలదు, రెండు స్టేషన్ల మాస్టర్లూ ఒప్పుకుంటేగానీ ఆ గోళం పెట్టెలోంచి రాదు. జంట లైను పడ్డాక ఈ క్రాసింగ్ అవసరమే పోయింది. లూపులు పీకేసి, మాస్టర్‌ని తీసేసి, కమిషన్ మీద టికెట్లమ్మే హాల్టుగా దించేవారు. చివరికి అదీ పోయేది. అందుకే మీ లైను జంట అయిన ఏడాదిని మూసివేత ఏడాది పక్కన పెట్టి చూడండి.

సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. అందులో ‘చరిత్ర చెప్పండి’ అని అడగకండి, ఉన్న కాగితాలు ఇవ్వడమే రైల్వే వాళ్ల బాధ్యత. స్టేషన్ వర్కింగ్ రూల్స్ (ఆ స్టేషన్‌లో బళ్లు నడిపే నియమాల పత్రం) చివరి ప్రతి, యార్డు ప్లాను, మూసివేత ఉత్తర్వు అని పేరుపేరునా అడగండి.

ప్రశ్న: పాత ప్లాట్‌ఫాం కంచెకు పాతిన రైలు పట్టా ముక్క మీద సంవత్సరం ఉంది. స్టేషన్ అప్పటిదేనా?

జవాబు: కాదు. పట్టా నడుము మీద ఉబ్బెత్తుగా ఉండేది తయారీదారు పేరు, తయారైన ఏడాది, బరువు. ‘90 ఆర్’ అంటే గజానికి 90 పౌన్ల పట్టా. అరిగి లైనులోంచి తీసేసిన పట్టాలనే గుంజలుగా పాతేవారు. అందువల్ల ఆ కంచె ఆ ఏడాదికి ముందుది కాదని మాత్రమే చెప్పగలం. పక్కనే బళ్లు తిరుగుతుంటే ఫొటో కోసం పట్టాల మీదికి వెళ్లకండి, అనుమతి తీసుకోండి.