పాత మిలిటరీ రైఫిల్ కొంటానన్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీధర్‌కు మావయ్య ఆశీస్సులు.

గ్రీన్ కార్డు వచ్చీ రాగానే పాత మిలిటరీ రైఫిల్ మీద మనసు పడ్డావట. ఈ పిచ్చి నీకు అంటించింది నేనేనని మీ అమ్మ ఫోన్‌లో అరగంట దులిపేసింది. అంటించినవాణ్ని కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను, విను.

ముందు గరాండ్ (రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం వాడిన రైఫిల్) ఆలోచన పక్కన పెట్టు. మంచి తుపాకే, కాదనను. కానీ సైన్యం దగ్గర మిగిలిన గరాండ్‌లను అమ్మే సీఎంపీ అనే సంస్థ అమెరికా పౌరులకే ఇస్తుంది. నీకింకా టైముంది. మొదటిదిగా బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తీసుకో, అందులోనూ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీది. చిన్నప్పుడు మన ఊరి పోలీస్ స్టేషన్‌లో సెంట్రీ భుజాన చూసిన త్రీ నాట్ త్రీ ఈ జాతిదే. బట్ (భుజానికి ఆనించే చెక్క) మొదలయ్యే చోట కుడివైపు ఉక్కు మీద ముద్ర ఉంటుంది. కిరీటం, జీఆర్ఐ అక్షరాలుంటే తెల్లవాళ్ల కాలం నాటిది. అశోకుడి సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) ఉంటే స్వాతంత్ర్యం వచ్చాక చేసింది.

గన్ షోలో అమ్మేవాడు బర్మా యుద్ధం కథలు మొదలుపెడతాడు. వింటూనే చేతిలో టార్చి తీసి బ్యారెల్ లోపల చూడు. మెలితిరిగిన గాళ్లు అంచులు పదునుగా కనిపించాలి. కాస్త నలుపున్నా ఫర్వాలేదు, గుంటలు పడి ఉంటే వద్దు. బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి వెనక నంబరూ, రిసీవర్ (ఆ బోల్టు కదిలే ఉక్కు భాగం) మీది నంబరూ కలవాలి. కలవకపోతే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) గేజ్ పెట్టి హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టుకీ తూటాకీ మధ్య ఉండే సందు, చూసేదాకా పేల్చకు. కలిసినా ఒకసారి చూపించడమే నయం. ఇక డీపీ అని గుద్ది ఉంటే అది డ్రిల్లు కోసం పక్కన పెట్టేసిన తుపాకీ, ధర ఎంత తగ్గించినా పేల్చడానికి కొనొద్దు. బ్యారెల్ లోపల గాళ్లే లేకుండా నున్నగా ఉంటే పోలీసుల కోసం .410 మస్కెట్‌గా (గాళ్లు లేని నున్నటి గొట్టం తుపాకీగా) మార్చింది కావచ్చు. అందులో త్రీ నాట్ త్రీ తూటా పెడితే ప్రమాదం.

మొదటిసారి పేల్చినప్పుడు ఖాళీ కేసులు (తూటాల ఇత్తడి తొడుగులు) పారెయ్యకుండా ఏరుకో. అడుగుకి కాస్త పైన, చుట్టూ మెరిసే గీత పడిందేమో చూడు. అనుమానంగా ఉంటే పేపర్ క్లిప్పు వంచి, దాని కొసతో కేసు లోపలి గోడని కింది నుంచి పైకి గీకు. ఆ గీత దగ్గర కొస గాడిలో పడ్డట్టు తగిలితే ఇత్తడి సాగి పల్చబడిందన్నమాట. ఇంకోసారి వాడితే అక్కడికి తెగి రెండు ముక్కలవుతుంది. ఆ రైఫిల్ మళ్లీ గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాల్సిందే. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే కంగారుపడి బోల్టు లాగకు. పాత సరుకు ఆలస్యంగా పేలడం ఉంది. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగు.

చవగ్గా దొరికే పాత మిలిటరీ తూటాలతో ఇంకో బాధ. వాటి ప్రైమర్ (తూటా అడుగున నిప్పంటించే మందు) కాలాక బ్యారెల్‌లో ఉప్పు మిగులుతుంది. అది గాలిలోని తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది. నూనె రాస్తే ఉప్పు కరగదు, నీళ్లకే కరుగుతుంది. ఇంటికి రాగానే బోల్టు తీసి, గరాటు పెట్టి వెనకనుంచి వేడినీళ్లు పొయ్యి. పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు నూనె. "రేపు చూద్దాంలే" అని పడుకున్నావో, హ్యూస్టన్ తేమకి పొద్దున్నే ఎర్రగా పలకరిస్తుంది.

చెక్కని మాత్రం ఉప్పుకాగితంతో రుద్దకు, నీకు దండం పెడతాను. ముద్రలన్నీ పోయి సంతలో బల్లముక్కలా తయారవుతుంది. అవిసె నూనె రాసిన గుడ్డతో తుడిస్తే చాలు.

సీ అండ్ ఆర్ లైసెన్స్‌కి, అంటే పాత తుపాకులు సేకరించేవాళ్లకిచ్చే ఫెడరల్ లైసెన్స్‌కి, అప్లై చెయ్యి. మూడేళ్లకి 30 డాలర్లు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని తుపాకులు వేరే రాష్ట్రం నుంచైనా నేరుగా నీ ఇంటికి తెప్పించుకోవచ్చు. కొన్న ప్రతిదీ పుస్తకంలో రాయాలి. ఈ విషయంలో బద్ధకం పనికిరాదు.

రేంజికి నీతో సరదాగా వస్తామనే ఫ్రెండ్స్‌లో హెచ్1బీ వాళ్లుంటే వాళ్ల చేతికి రైఫిల్ ఇవ్వకు. హంటింగ్ లైసెన్స్‌లాంటి మినహాయింపు లేకుండా వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోవడం ఫెడరల్ నేరం. మొహమాటానికి పోయి వాళ్ల వీసా మీదికి తేవద్దు.

రేంజికి వాడే బ్యాగు వేరే పెట్టుకో, దాన్ని ప్రయాణానికి వాడకు. జేబు మూలలో ఒక్క తూటా ఉండిపోయి ఇక్కడ ఎవరూ చూడకపోయినా, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ స్కానర్‌లో పడితే ఆయుధాల చట్టం కింద కేసు. పైగా త్రీ నాట్ త్రీ అక్కడ నిషేధిత బోరు (తూటా సైజు). సంక్రాంతికి టికెట్లు తీసుకున్నారని విన్నాను, సర్దేముందు బ్యాగులన్నీ బోర్లించి దులుపు.

మీ మావయ్య